వారంలో ఒట్టి పచ్చిపులుసు ఎన్ని పూటలు?

"ఈ నెలలో ఎప్పుడైనా ఆకలితో పడుకున్నారా?"

పోయిన వానాకాలం ఈ ప్రశ్న రాసుకున్న నోటుబుక్కు పట్టుకొని వరంగల్‌లోని మా గల్లీలో మొదటి ఇంటి ముందు నిలబడ్డాను. ఆ ఇంటామె నాకు పదేళ్ళుగా తెలుసు. మూడిళ్ళలో పని చేస్తుంది, భర్త హమాలీ. ప్రశ్న వినగానే ఆమె మొహం మారిపోయింది. "అట్లెందుకు పంటం టీచరమ్మా, మాకేం తక్కువైంది?" అంది. "లేదు" అని రాసుకున్నాను. రెండో ఇంట్లోనూ లేదు. మూడో ఇంట్లో చాయ్ పోసి మరీ లేదన్నారు. గల్లీ చివరికి వచ్చేసరికి మా దగ్గర ఆకలి అనేదే లేదని నా బుక్కు తేల్చేసింది.

చివరి ఇంటి అరుగు మీద కూర్చున్న ముసలామె నన్ను ఆపింది. "ఏం రాస్తున్నవ్ బిడ్డా?" అని అడిగితే చదివి వినిపించాను. బోసినోటితో నవ్వింది. "గట్లడిగితే ఎవరు చెప్తరే? ఈ వారంల ఒట్టి పచ్చిపులుసు ఎన్ని పూటలు పోసుకున్నరో అడుగు."

తెలంగాణ బయటివాళ్ళకు ఒక మాట చెప్పాలి. చింతపండు రసంలో ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, ఉప్పు, కాస్త జీలకర్ర కలిపి, ఉడికించకుండా చేసేది పచ్చిపులుసు. ముద్దపప్పు, పచ్చిపులుసు ఉంటే ఆ పూట పండుగే. ఎండాకాలం మా ఇంట్లో కొట్లాడి తింటాం. పప్పు లేకుండా, పక్కన ఏ కూరా లేకుండా, అన్నం మీద అదొక్కటే పోసుకొని తినే పూట వేరు. అది కూర కొనలేని రోజు వంట. ఆ తేడా ఇక్కడ వంట చేసే ఏ మనిషికైనా తెలుసు. అందుకే ముసలామె "ఒట్టి" అన్న మాట మీద ఒత్తి పలికింది. పైగా దాని గురించి అడిగితే ఎవరికీ చిన్నతనం అనిపించదు. కూర గురించి అడిగినట్టే ఉంటుంది. "ఏం కూర?" అనేది మా దగ్గర పలకరింపు కదా.

మర్నాడు అవే ఇండ్లకు మళ్ళీ వెళ్ళాను. ఈసారి పేజీలు నిండాయి.

ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ దగ్గర దీనికి ఎనిమిది ప్రశ్నల కొలబద్ద ఒకటుంది. తిండికి డబ్బుల్లేవేమోనని దిగులు పడ్డారా అని మొదలై, రోజంతా తినకుండా ఉన్నారా అన్న దగ్గర ఆగుతుంది. మంచి కొలబద్దే, దేశాలను పక్కపక్కన పెట్టి చూడడానికి పనికొస్తుంది. కాని అది పట్టుకొని గల్లీలోకి వచ్చిన కొత్త మనిషికి మా పక్కింటామె ఏం చెబుతుందో నాకు మొదటి రోజే తెలిసింది. ముసలామె ప్రశ్న ఏ దేశంలోనూ పని చేయదు. వరంగల్‌లో పని చేస్తుంది. నాకు కావలసింది వరంగలే.

నేను పరిశోధకురాలిని కాను. ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్తాను. ఉర్సు గుట్ట దిక్కు మా ఇల్లు. ఈ బుక్కు మొదలుపెట్టింది కూడా ఏదో ఉద్ధరిద్దామని కాదు. మా క్లాసులో ఒక అమ్మాయి వారానికి రెండు రోజులు పదకొండు గంటలకల్లా బల్ల మీద తల వాల్చేసేది. ఇంటికి వెళ్ళి అడిగితే పొద్దున్న అన్నం తినే వచ్చిందన్నారు. నిజమే, తిన్నది. అన్నంలోకి ఏమిటన్నదే నేను అడగలేదు.

ఏడాది దగ్గర పడుతున్నది. ఇప్పుడు నేను ఒక మాట గట్టిగా అనగలను: ఈ నగరంలో ఎవరి కంచంలో ఏముందన్న లెక్క నగరం ప్రణాళికలో ఉండాలి, ఆ లెక్కను గల్లీలో ఉండేవాళ్ళే తీయాలి. ఈ రెండింటిలో ఏ ఒక్కటి తప్పినా రెండోది వృథా.

వరంగల్‌లో తిండి సమస్య అంటే నవ్వేవాళ్ళున్నారు. నవ్వనీయండి, వాళ్ళ నవ్వులోనూ అర్థం ఉంది. కాకతీయ కాలువ నీళ్ళు, పాకాల, లక్నవరం, రామప్ప చెరువులు ఉన్న దేశం ఇది. యాసంగి కోతలప్పుడు ఏ రోడ్డెక్కినా సగం రోడ్డు వడ్లతో నిండి ఉంటుంది. ఏనుమాముల మార్కెట్ యార్డు ఆసియాలోనే పెద్దవాటిలో ఒకటని చిన్నప్పటి నుంచి వింటున్నాం. మన చపాట మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అదే ఏడాది ఉగాది నుంచి రేషన్ కార్డులో పేరున్న ప్రతి మనిషికీ నెలకు 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. ఇది చిన్న సంగతి కాదు. అంతకుముందు కంట్రోలు బియ్యం దొడ్డుగా ఉన్నాయని మా గల్లీలోనే చాలామంది వాటిని అమ్మి, మీద డబ్బులు వేసి సన్నబియ్యం కొనేవాళ్ళు. ఇప్పుడు డీలర్ దగ్గర తెచ్చినవే పొయ్యి మీదికి ఎక్కుతున్నాయి.

బియ్యం బాధ తీరింది కాబట్టే పక్కన ఏమీ లేదన్నది ఇప్పుడు కొట్టొచ్చినట్టు కనబడుతున్నది. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఐదేళ్ళలోపు పిల్లల్లో 33 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. 15 నుంచి 49 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళలో 57.6 శాతం మందికి రక్తం తక్కువ. దేశానికి బియ్యం పంపే రాష్ట్రంలో, సగం కంటే ఎక్కువ మంది ఆడవాళ్ళ ఒంట్లో సరిపడా రక్తం లేదు. బియ్యంతోనే రక్తం పట్టదు మరి. పప్పు, ఆకుకూర, గుడ్డు, మాంసం, పండు కావాలి.

ఈ అంకెలు ఉండగా మళ్ళీ గల్లీ లెక్క ఎందుకని మా హెడ్మాస్టరు గారు అడిగారు. ఆ అంకెలు జిల్లా దాకా వస్తాయి, మా గల్లీ మలుపు దాకా రావు. రోగం ఉందని చెప్తాయి, ఏ సందులో, ఏ తారీఖున, ఏ కారణానికో చెప్పవు.

నోటుబుక్కు చెప్పింది. నేను అనుకోనివే ఎక్కువ చెప్పింది.

మొదటిది తారీఖు. ఒట్టి పచ్చిపులుసు పూటలన్నీ నెలలో అక్కడక్కడా పడతాయనుకున్నాను. కాదు, ఇరవయ్యో తారీఖు దాటాక గుంపుగా పడుతున్నాయి. కిరాయి, గ్యాసు, చిట్టీ, పిల్లల ఫీజు మొదటి పది రోజుల్లోనే జీతాన్ని మింగేస్తాయి. వీటిలో దేన్నీ తగ్గించడానికి ఉండదు. తగ్గించగలిగింది కూర ఒక్కటే.

రెండోది ఆటో. మార్కెట్లో కూరగాయలు చవక, గల్లీలోకి వచ్చే బండి మీద ప్రియం, అందుకని మార్కెట్‌కు పోవచ్చు కదా అని నేను ఒకామెతో అన్నాను. ఆమె వేళ్ళ మీద లెక్క చెప్పింది. పోను ఇరవై, రాను ఇరవై. పోయి వచ్చేసరికి సగం రోజు కూలి కూడా ఎగిరిపోతుంది. తెచ్చినవి పెట్టుకోవడానికి ఫ్రిజ్ లేదు, మూడో రోజుకు బెండకాయలు ముదిరి కూర్చుంటాయి. "మీరు వారానికొకసారి కొంటరు, మేం పూటకొకసారి కొంటం. ప్రియమైనా బండే మాకు సౌలతు" అంది. లెక్కల టీచర్‌ను నేను.

మూడోది నేను సిగ్గుపడే సంగతి. బుక్కులో మొదట్లో ఒక గడి గీశాను: "పోషకాహారం గురించి తెలుసా?" ఎవరో చేసిన సర్వేల్లో చూసి పెట్టాను. ఇద్దరు పిల్లల తల్లి ఒకామె ఆ గడి దగ్గర నన్ను ఆపి, అంగన్‌వాడీలో చెప్పినవన్నీ గడగడా అప్పజెప్పింది. ఆకుకూరలో ఏముంటుంది, పల్లీపట్టీలో ఏముంటుంది, గుడ్డు ఎందుకు తినాలి. కడుపుతో ఉన్నప్పుడు ఆరోగ్యలక్ష్మిలో రోజూ గుడ్డు, పాలు ఇచ్చారని, అప్పుడు తన రక్తం పెరిగిందని కూడా చెప్పింది. చివర్లో "తెల్వక గాదు టీచరమ్మా, ఎల్లక" అంది. ఆ గడి మీద అడ్డంగా గీత కొట్టేశాను. ఆ పేజీ ఇప్పటికీ అలాగే ఉంచాను.

నాలుగోది ముసలామె తన సంగతి చెబితే రాసుకున్నది. ఆమె కోడలుగా వచ్చిన కొత్తలో కూర కొనడం అంటే వంకాయ, టమాట, అంతే. ఆకుకూర కొనడం తెలియదు. చెరువు కట్ట కింద, మక్క చేన్ల గట్ల మీద గంగవాయిలి కూర, పొన్నగంటి, తుమ్మికూర, దొగ్గలికూర కొంగులో కోసుకొచ్చేది. ఎండాకాలం చింతచిగురు. ఆ జాగాలన్నీ ఇప్పుడు ప్లాట్లు. అప్పటి పేదరికానికి ఒక పెరడు ఉండేది, ఇప్పటి పేదరికానికి అదీ లేదు. ఆమె ఈ మాట అనలేదు, నేనంటున్నాను. ఆమె అన్నది వేరు: "గంగవాయిలి కట్ట గిప్పుడు ఇరవై రూపాయలట. గడ్డికి ఇరవై రూపాయలు."

సరే, బండి మీద కూరలు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూద్దామని ఒక ఆదివారం తెల్లవారుజామున మా గల్లీ బండి ఆయనతో లక్ష్మీపురం మార్కెట్‌కు వెళ్ళాను. ఐదు కూడా కాలేదు. బురద, లారీల పొగ, నీరుల్లి వాసన. టమాట ట్రేలు వరుసగా దించుతున్నారు. ఎక్కడివని అడిగితే మదనపల్లి అన్నారు. పక్క వరుస కోలారు. ఉల్లిగడ్డ మహారాష్ట్ర, ఆలుగడ్డ ఆగ్రా. ఒక మూల నలుగురైదుగురు ఆడవాళ్ళు గోనె సంచుల మీద పాలకూర, తోటకూర, పుంటికూర కట్టలు పెట్టుకొని కూర్చున్నారు. వాళ్ళు మాత్రం చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు, మొదటి ఆటోకు వచ్చారు. వాన పడితే ఆ మూలకే నీళ్ళు వస్తాయి. ఒకామె కట్టల కింద ఇటుకలు పేర్చి, వాటి మీద ఫ్లెక్సీ పరిచింది. ఏదో నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ, ఆయన నవ్వు మీద కొత్తిమీర.

2023 జూలైలో టమాట కిలో నూటయాభై దాటినప్పుడు మనమందరం వాట్సాప్‌లో జోకులు పంపుకున్నాం. మదనపల్లిలో పంట పోతే వరంగల్‌లో పచ్చిపులుసు పూటలు పెరుగుతాయన్నది ఆ జోకుల్లో లేదు. అదే జూలై చివర్లో వరద వచ్చి మన కాలనీలు మునిగినప్పుడు రోడ్లే తెగిపోయాయి. వందల కిలోమీటర్ల అవతలి నుంచి వచ్చే లారీ మీద ఆధారపడిన వంటింటికి ఒక్క కల్వర్టు కొట్టుకుపోతే చాలు.

మరి మన చుట్టూ ఉన్న రైతులు కూరగాయలు ఎందుకు వేయరు? ఈ ప్రశ్న వేసి చూడండి, గీసుకొండ వైపైనా, సంగెం వైపైనా, ధర్మసాగరం వైపైనా మొదటి జవాబు ఒకటే వస్తుంది: కోతులు. ఇది నవ్వులాట కాదు. బీర పాదు పెడితే పూత దశలోనే తెంపేస్తాయి. ఇంటిల్లిపాదీ వంతులేసుకొని కాపలా కాయాలి, లేకపోతే సోలార్ కంచె వేయాలి. వడ్లకు ఆ బాధ తక్కువ. పైగా వడ్లకు మద్దతు ధర ఉంది, ఊళ్ళోనే కొనుగోలు కేంద్రం ఉంది, 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. కూరగాయకు ఏ భరోసా ఉంది? పొద్దున పది రూపాయలున్న వంకాయ మధ్యాహ్నానికి రెండు రూపాయలు. రైతు తెలివి తక్కువవాడై వరి వేయడం లేదు, లెక్క చూసుకునే వేస్తున్నాడు. పత్తి నమ్ముకొని 1997–98లో ఈ జిల్లా ఆత్మహత్యల్లో ఎంతమంది రైతులను పోగొట్టుకుందో చూసినవాళ్ళు, భరోసా లేని పంటకు అంత తొందరగా దిగరు.

ఇక్కడి నుంచి కథ కార్పొరేషన్ గుమ్మం దగ్గరికి వస్తుంది. ముందుగా ఒక విచిత్రం చెప్పాలి. రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో గ్రామ పంచాయతీలకు ఇవ్వదగిన 29 అంశాలున్నాయి. వ్యవసాయం ఉంది, పాడి, కోళ్ళు ఉన్నాయి, చేపలు ఉన్నాయి, ఇరవై ఎనిమిదో అంశంగా ప్రజాపంపిణీ కూడా ఉంది. పన్నెండో షెడ్యూలు పట్టణాలది. అందులో 18 అంశాలు. రోడ్లు, నీళ్ళు, పార్కులు, శ్మశానాలు, వీధిదీపాలు. తిండికి సంబంధించి నేరుగా ఉన్నది ఒక్కటే, అట్టడుగున పద్దెనిమిదోది: పశువధశాలల నియంత్రణ. అంటే ఊరు పట్నమైన రోజు నుంచి తిండి ఆ ఊరి పెద్దల పని కాకుండా పోతుంది.

వరంగల్‌లో ఇది పుస్తకంలోని మాట కాదు. 2013లో చుట్టూ ఉన్న 42 గ్రామాలను నగరంలో కలిపారు. ఆ ఊళ్ళలో ఇప్పటికీ వరి కోస్తున్నారు, బర్రెలు మేపుతున్నారు. ఊరు మారలేదు, షెడ్యూలు మారింది. పంచాయతీ పోయింది, ఉపాధి హామీ పనీ పోయింది, ఇంటి పన్ను వచ్చింది. పొలం ఉన్నచోటే ఉంది కాని ప్రణాళిక కాగితంలో అది "ఇంకా ఇల్లు కట్టని జాగా" అయిపోయింది. 2022లో ఔటర్ రింగ్ రోడ్డు చుట్టూ 27 గ్రామాల్లో 21 వేల ఎకరాలకు పైగా ల్యాండ్ పూలింగ్ (రైతుల భూములు తీసుకొని, ప్లాట్లు చేసి కొంత తిరిగివ్వడం) చేస్తామని నోటిఫికేషన్ వచ్చినప్పుడు రైతులు రోడ్డెక్కారు. కొన్ని వారాల్లోనే, మే నెలలో, దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ రోజుల్లో భూమి ధర గురించి, పరిహారం గురించి ఎన్నో వాదనలు విన్నాను. ఆ ఎకరాల్లో నగరానికి వచ్చే పాలెన్ని, ఆకుకూర ఎంత అని ఒక్కరూ అడిగినట్టు నాకు గుర్తులేదు. అడిగినా జవాబు చెప్పడానికి ఎవరి దగ్గరా లెక్క లేదు.

వరంగల్ మీద రాసే ఏ వ్యాసమైనా కాకతీయులను తలచుకోకుండా ముగియదు కాబట్టి నా వంతు కూడా కానిచ్చేస్తాను. తోరణాలు, గొలుసుకట్టు చెరువులు అందరూ చెప్పేవే. నాకు కోటలో నచ్చేది వేరొకటి. రాతికోటకూ మట్టికోటకూ నడుమ ఇప్పటికీ పొలాలున్నాయి. ఎప్పుడైనా సాయంత్రం పూట ఖిలా వరంగల్ వెళితే చూడండి, రక్షణ గోడకు లోపల నాట్లు వేస్తుంటారు. శత్రువు వచ్చి నెలల తరబడి చుట్టూ కూర్చుంటే లోపల ఏం తింటామన్న ఆలోచన ఆ గీతలో ఉందని నాకనిపిస్తుంది. చరిత్రకారులు ఒప్పుకుంటారో లేదో కాని, నా కంటికి అది మాస్టర్ ప్లానే.

ఇప్పటి మాస్టర్ ప్లాన్ 2041 దాకా చూస్తున్నది. అందులో తిండికి చోటు ఇవ్వడమంటే కార్పొరేషన్ వంట చేయాలని కాదు. బియ్యం పంచాలనీ కాదు, అది రాష్ట్రం చేస్తున్నది. కార్పొరేషన్ చేతిలో ఉండేవి జాగా, నీళ్ళు, మురుగు కాలువ, అనుమతి. పైన చెప్పిన తిప్పలన్నీ వీటి చుట్టూ తిరిగేవే. ఆకుకూర ఆడవాళ్ళ మూలకు నీళ్ళు రాకుండా రెండడుగుల గద్దె, పైన రేకు. గల్లీకి నడిచిపోయే దూరంలో పొద్దున రెండు గంటలు బండ్లు ఆగే చోటు. చెరువు కట్ట కింద గంగవాయిలి మొలిచే నేలకు కాంక్రీటు వేయకుండా ఉండడం.

చట్టాలు కూడా కొత్తవి అక్కర్లేదు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం జనాభాలో రెండున్నర శాతం దాకా వ్యాపారులకు చోటు చూపాలి. ఆ చోట్లను నిర్ణయించే కమిటీలో కనీసం నలభై శాతం మంది వాళ్ళే ఉండాలి, అందులో మూడో వంతు ఆడవాళ్ళు. నేను అంతకుముందు ఉన్న ఒక పట్నంలో (పేరెందుకులెండి) ఒక రోజు పొద్దున లేచేసరికి మా సెంటర్లో కూరగాయల బండ్లన్నీ మాయం. రోడ్డు వెడల్పు అన్నారు. రోడ్డు వెడల్పయింది, మంచిదే. ఆ తర్వాత ఆ సెంటర్లో తాజాగా దొరికినవి చిప్స్ ప్యాకెట్లే. దాన్ని ఎవరూ తిండికి సంబంధించిన నిర్ణయం అనలేదు. రోడ్ల విభాగం నిర్ణయం అన్నారు. అయితే ఆ సాయంత్రం ఎంతమంది కంచాలు మారాయి!

2019 మున్సిపల్ చట్టంలో ఇంకో రెండు పనికొచ్చే సంగతులున్నాయి. బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి పెట్టాలి. ఆ డబ్బుతో నాటేవి చాలావరకు నీడ చెట్లు, పూల మొక్కలు. బడి గోడల వెంట, అంగన్‌వాడీల వెనక మునగ, కరివేపాకు, ఉసిరి, చింత ఎందుకు నాటకూడదు? మునగాకు కోసుకుంటే ఎవరిని అడగాలి, కాయలు ఎవరివి అన్న తగువులు వస్తాయి, నాకు తెలుసు. రానీయండి. తగువు పడదగిన చెట్టు నాటామన్న తృప్తి ఉంటుంది. రెండోది, ప్రతి డివిజన్‌లో నాలుగు వార్డు కమిటీలు ఉండాలి: యువకులవి, మహిళలవి, వయసు పైబడినవాళ్ళవి, పేరున్న పౌరులవి. ఒక్కోదాంట్లో పదిహేను మంది. మన 66 డివిజన్లలో లెక్కేస్తే దాదాపు నాలుగు వేల మంది. నాలుగు వేల నోటుబుక్కులు అక్కర్లేదు, ఒక్కో మహిళా కమిటీకి ఒకటి చాలు. అంటే అరవై ఆరు.

"సర్వేలు చాలు తల్లీ, చాలా చూశాం" అనేవాళ్ళతో నాకు పేచీ లేదు. 2014 ఆగస్టు 19న ఊరంతా పనులు మానుకొని ఇండ్లల్లో కూర్చొని సమగ్ర కుటుంబ సర్వేకు జవాబులు చెప్పాం. హైదరాబాద్ నుంచి బస్సుల పైకప్పులెక్కి వచ్చారు జనం. మళ్ళీ 2024 నవంబరులో ఇంటింటి సర్వే. రెండుసార్లూ కాగితాలు మా గల్లీ నుంచి పైకి వెళ్ళాయి, తిరిగి కిందికి రాలేదు. మేం చెప్పింది మాకే తెలియకుండా పోయింది. మా నోటుబుక్కు మా గల్లీలోనే ఉంటుంది. నెలకోసారి ముసలామె అరుగు మీద చదువుతాం. పేర్లు ఉండవు, ఇంటి గుర్తుగా ఒక గీత మాత్రమే. అయినా ఎవరి గీత ఏదో అందరికీ తెలుసు, అదీ నిజమే. ఒకసారి చదివాక ఇద్దరు ఆడవాళ్ళు కలిసి ఒక నిర్ణయానికొచ్చారు: ఇరవయ్యో తారీఖు తర్వాత పది ఇండ్లకు కలిపి ఒకరే మార్కెట్‌కు పోయి రావాలి, ఆటో కిరాయి పంచుకోవాలి. నేను చెప్పలేదు, ఏ పథకమూ చెప్పలేదు. లెక్క వాళ్ళ కళ్ళ ముందు ఉంది, చూసుకున్నారు. మూడు నెలలు నడిచింది. తర్వాత మిగిలిన చిల్లర దగ్గర మాటా మాటా వచ్చి ఆగిపోయింది. మళ్ళీ మొదలైంది.

లోపాలు దాచను. గుడ్డు, మాంసం గడిలో నిజం రావడం లేదు. ఏ మాంసం తిన్నారన్నది చెప్పడానికి కొందరు వెనకాడతారు, ఎందుకో మనందరికీ తెలుసు. అది అడిగే మనిషి కులం చూసి చెప్పే జవాబు. ఆ గడి నింపే పని నా చేతిలోంచి తీసి వేరొకామెకు ఇచ్చాం. అప్పటి నుంచి కొంచెం నయం. ఇంకొకటి, కిరాయికి ఉండేవాళ్ళు. పచ్చిపులుసు పూటలు ఎక్కువ వాళ్ళవే. వాళ్ళ ఓట్లు ఊళ్ళో ఉంటాయి, రేషన్ కార్డూ చాలాసార్లు ఊళ్ళోదే. వార్డు కమిటీలో వాళ్ళు ఉండరు. కార్పొరేటర్ దృష్టిలో వాళ్ళు బాటసారులు. నాలుగు వేల మందిలో కిరాయి ఇంటి మనిషి ఒక్కరూ లేకపోతే అరవై ఆరు నోటుబుక్కులూ నా మొదటి రోజు బుక్కులాగే "లేదు, లేదు" అని రాసుకొస్తాయి.

ఇదంతా కలగా అనిపిస్తే మన చుట్టూ చూడండి. గీసుకొండ మండలం గంగదేవిపల్లి మనకు పక్క ఊరే. 1990లలో తాగునీళ్ళకు ఇంటింటి చందా వేసుకొని, ఒక స్వచ్ఛంద సంస్థ సాయంతో ట్యాంకు కట్టుకున్నారు. పనికో కమిటీ పెట్టుకొని నడుపుకున్నారు. దేశం నలుమూలల నుంచి చూడడానికి వస్తారు, మనం ఆ రోడ్డునే పోతూ ఆగం. భీమదేవరపల్లి మండలంలోని ముల్కనూరు సహకార సంఘం 1956 నుంచి నడుస్తున్నది. అక్కడి ఆడవాళ్ళు 2002లో సొంతంగా డెయిరీ పెట్టుకున్నారు. "స్వకృషి" పాల ప్యాకెట్ వాళ్ళదే. పాలు పోసేవాళ్ళే యజమానులు. జనగామ దగ్గరి ఏనెబావి 2006 నాటికే ఊరు ఊరంతా రసాయనాలు మానేసింది. జహీరాబాద్ వైపు పస్తాపూర్ సంఘాల ఆడవాళ్ళయితే బియ్యం బదులు తమ చేన్లలో పండిన జొన్నలతో సొంత రేషన్ నడిపి చూపించారు.

వీటన్నిటికీ ఒక ఎదురుమాట ఉంది: అన్నీ ఊళ్ళే. ఊళ్ళో ఒకరికొకరు తెలుసు, పట్నంలో అలా కుదరదంటారు. బ్రెజిల్‌లో బెలో హొరిజాంటే అని ఇరవై లక్షలకు పైగా జనం ఉన్న నగరం ఉంది. 1993లో అక్కడి నగరపాలక సంస్థ తిండి కోసమే ఒక విభాగం పెట్టింది. చుట్టుపక్కల రైతులకు నగరంలో అమ్ముకునే జాగాలు ఇచ్చింది, చవక భోజనశాలలు తెరిచింది, నిర్ణయాల్లో జనాన్ని కూర్చోబెట్టింది. మనకు 1999 నుంచి రైతుబజార్లున్నాయి కాబట్టి సగం ఆలోచన మనకు కొత్త కాదు. తేడా ఏమిటంటే వాళ్ళ దగ్గర తిండి అని రాసిన బోర్డు ఉన్న ఒక గది ఉంది. మన దగ్గర లేదు. బియ్యం ఒక ఆఫీసు, కూరగాయల బజారు ఇంకో ఆఫీసు, బండ్లు వేరొక ఆఫీసు, అంగన్‌వాడీ మరో ఆఫీసు.

నోటుబుక్కు జిరాక్సు పట్టుకొని నేను ఒక ఆఫీసుకు వెళ్ళాను. ఏ ఆఫీసో చెప్పను, అక్కడి సారు మంచిగానే మాట్లాడారు. రెండు పేజీలు తిప్పి, "బాగుందమ్మా, కాని ఇది మా సబ్జెక్టు కాదు" అన్నారు. ఎవరి సబ్జెక్టు సార్ అని అడిగితే కాసేపు నిజంగానే ఆలోచించారు. ఫ్యాను చప్పుడు వినబడుతున్నది. చివరికి "పెట్టిపోండి" అన్నారు. పెట్టి రాలేదు. జిరాక్సుకు అరవై రూపాయలైంది.

నా డిమాండు చిన్నది. వచ్చే బడ్జెట్ సమావేశానికి ముందు ఒక్క డివిజన్‌లో, మాదైనా ఇంకొకటైనా, మూడు నెలలు ఈ లెక్క తీయించండి. కిరాయి ఇండ్లవాళ్ళు సగం మంది ఉండాలి. ప్రశ్నలు వాళ్ళే తయారు చేసుకోవాలి. ఇంకో డివిజన్‌లో పచ్చిపులుసు కాకుండా ఎల్లిపాయ కారం అంటారేమో, మామిడికాయ తొక్కు అంటారేమో. ఆ లెక్క కౌన్సిల్‌లో గట్టిగా చదవాలి, ఆ పక్కనే ఆ డివిజన్‌లో బండ్ల చోటు, చెరువు శిఖం (నీళ్ళు నిలిచే నేల), ఖాళీ జాగా, అంగన్‌వాడీ ఉన్న మ్యాపు పెట్టాలి. తర్వాత ఏం చేస్తారో వాళ్ళ ఇష్టం. చదివాక ఊరుకోవడం కష్టమని నా నమ్మకం. అది తప్పు కూడా కావచ్చు.

మొన్న నెలాఖరు చదువు అయిపోయాక అందరూ లేచి వెళ్ళారు. ముసలామె బుక్కు తీసుకొని కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది. చదవడం రాదు కాని గీతలు లెక్కపెట్టగలదు. మొదటి నుంచి చివరిదాకా వేలితో తడుముతూ పోయి ఆగింది.

"మీ ఇంటి గీత ఏదే?"

లేదు. ఏడాదిగా అందరి ఇండ్లకూ గీతలు గీస్తున్నాను, మా ఇంటికి గీయాలని ఎన్నడూ తోచలేదు. అదే చెప్పాను. ఆమె నవ్వలేదు ఈసారి. బుక్కు నా చేతికిచ్చి, "గియ్యి" అంది. "ఇయ్యాల ఏం కూర?"

"పచ్చిపులుసు" అన్నాను.

"పప్పుతోనా, ఒట్టిదా?"

"పప్పుతో."

"మరి అదే రాసుకో" అని లోపలికి వెళ్ళింది.